నీళ్ళలో వదిలిన తిట్లు

జూబ్లీహిల్స్ బండరాళ్ళ మధ్య ఆ క్లబ్బు కట్టినవాళ్ళు ఈతకొలను మగవాళ్ళ కోసం తవ్వించుకున్నారు. తర్వాత భార్యలు అడిగితే వాళ్ళకూ ఒక గంట పడేశారు. పొద్దున చల్లని వేళ మగవాళ్ళది. సాయంత్రం గాలి తిరిగే వేళా మగవాళ్ళదే. ఆడవాళ్ళకు మిగిలింది మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు. ఏప్రిల్ నెలలో ఆ గంటలో గట్టుమీద కాలు పెడితే అరికాలు పెనంమీద అట్టులా కాలుతుంది. అయినా ఆడవాళ్ళు అదే గొప్ప అనుకుని వచ్చేవారు.

ఆ గంటసేపూ కొలను చుట్టూ ఆకుపచ్చ గుడ్డ పరదా కట్టేవారు. మగవాడు లోపలికి రాకూడదు. ఈత నేర్పే సుబ్బరామయ్య మాస్టారు కూడా మగవాడే. ఏం చెయ్యాలని కమిటీ మూడుసార్లు కూచుని, టిఫిన్లు తిని, ఒక మార్గం కనిపెట్టింది. మాస్టారు పరదా బయట కుర్చీ వేసుకుని, కేకలతో నేర్పాలి.

"చేతులు లాగండీ! తల పైకెత్తండీ! ఊపిరీ! కాళ్ళు తన్నండీ! జారండీ!"

ఒక్కో మాటకు ఒక్కో ఈల. నాలుగు నిమిషాలకోసారి, ఎవరు ఏం చేస్తున్నారో చూడకుండానే, "వెరీగుడ్!" అనేవాడు. లోపల ఆరుగురు ఆడవాళ్ళు మెడలు కొంగల్లా పైకెత్తి, నీళ్ళను మజ్జిగలా చిలుకుతూ, ఉన్నచోటే ఉండేవారు. ఏడాదిగా అదే పాఠం. ఏడాదిగా అదే వెరీగుడ్.

ఎనభై ఏడు వేసవిలో ఆ ఆరుగురిలో ఒకతె బాలాత్రిపురసుందరి. సినిమా మనిషే గాని ఆమె మొహం ఎవరికీ తెలియదు. గొంతు తెలియనివాళ్ళు లేరు. తెలుగు ముక్క రాకుండా బొంబాయి నుంచి దిగిన హీరోయిన్లు తెరమీద ఏడ్చినా, నవ్వినా, హీరోని ఛీ పొమ్మన్నా అది సుందరి గొంతే. నలభై నాలుగేళ్ళు. కాకినాడ పుట్టిల్లు. మధురానగర్‌లో రెండు గదుల కాపురం. భర్త బ్యాంకు గుమాస్తా. మోకాళ్ళ నొప్పులు. మైకు ముందు నిలబడితే మాత్రం ఇరవై ఏళ్ళ పిల్ల.

ఆమెను కొలనుకు అతిథిగా తెచ్చింది శారదాదేవి. నిర్మాత త్రినాథరావు భార్య, ఫిల్మ్ నగర్‌లో మేడ. నీళ్ళలో దిగినా తలలో మల్లెపూలు తీసేది కాదు. పూలు తడవకుండా గంటసేపు నీళ్ళలో ఉండటం ఆమె దృష్టిలో ఈత.

"ఏమే సుందరీ, ఓ మాట చెబుతాను, బాధపడకు," అంది ఆమె ఒకరోజు, గట్టున ఉన్న ఇనపకడ్డీ పట్టుకుని కాళ్ళాడిస్తూ.

ఆ మొదలుపెట్టడంలోనే బాధ ఉందని సుందరికి తెలుసు.

"మావారు లీలాకుమారి అని ఎవరో పిల్లని పిలిపించారు. గొంతు పరీక్షకిట."

"ఎవరి పాత్రకండీ అక్కయ్యగారూ?"

"ఎవరి పాత్రకేంటి? నీ హీరోయిన్‌కే."

సుందరి కడ్డీ వదిలి, మళ్ళీ పట్టుకుంది. ఆమె ఎదురుచూస్తున్న మాటే. పోయిన సినిమా చివర్లో పెద్ద డైలాగు ఒకటి పడింది. సుందరికి రెండుచోట్ల ఊపిరి తెగింది. హీరోయిన్ పెదవులు కదులుతూనే ఉన్నాయి, గొంతు లేదు. ఆ రెండుచోట్లా ఎడిటర్ హీరోయిన్ మొహం తీసేసి ఆకాశంలో కాకిని పెట్టాడు. జనం కాకిని చూసి అదేదో అర్థం ఉన్న కాకి అనుకున్నారు. డైరెక్టరు వీరరాఘవయ్య మాత్రం మరిచిపోలేదు.

"ఈ సినిమాలో కాకి లేదమ్మా," అని ఆయన ముందే చెప్పాడు. చివరి సీనులో హీరోయిన్ మొహం తెరనిండా ఉంటుంది. కట్ లేదు. ఆ బొంబాయి పిల్ల తెలుగు డైలాగు నోరు తిరగక, షూటింగులో ఏడుస్తూ ఒకటి నుంచి అరవై దాకా హిందీలో అంకెలు లెక్కపెట్టింది. ఇరవై దగ్గర ఒకసారి ఊపిరి తీసుకుంది. నలభై దగ్గర ఒకసారి. అంతే. ఆ పెదవుల మీద తెలుగు కూర్చోబెట్టాలి. సుందరికి పన్నెండు, పదమూడు దగ్గరే రొమ్ము ఖాళీ అయిపోతోంది. డబ్బింగు మే ఇరవైన. అప్పటికి ఇరవై అంకెల ఊపిరి రాకపోతే హీరోయిన్ గొంతు లీలాకుమారిదవుతుంది. ఒకసారి పోయిన గొంతు తిరిగి రాదు. ఆ తర్వాత అత్తగారి పాత్రలకు, దెయ్యాలకు చెప్పుకోవాలి.

డాక్టరు పరీక్ష చేసి, "జబ్బేమీ లేదు, ఊపిరి పొదుపు ఎక్కువైంది, ఈత కొట్టండి," అన్నాడు. ఏ ఈతో చెప్పలేదు. క్లబ్బులో ఆడవాళ్ళకు నేర్పేది ఒకటే, బ్రెస్ట్ స్ట్రోకు. చూడటానికి నిమ్మళంగా ఉంటుంది. నీళ్ళు ఎగరవు, మొహం తడవదు. పెద్దవాళ్ళకు అన్నిటికంటే తేలికైన ఈత అదేనని అందరూ అనుకున్నారు. అందరూ అనుకున్నది కాబట్టి ఎవరూ పరీక్షించలేదు.

రెండు వారాలైంది. సుందరి రెండు గజాలు కూడా కదల్లేదు. చేతులు లాగుతుంది, కాళ్ళు తన్నుతుంది, నడుము కిందికి దిగిపోతుంది. పరదా బయట నుంచి "వెరీగుడ్!" వినిపిస్తుంది.

ఆ రోజు గట్టుమీద ఎవరో నవ్వారు.

నవ్వింది నీలమ్మ. ఆడవాళ్ళకు తువ్వాళ్ళందించి, నీళ్ళలో పడ్డ ఆకులు ఏరే మనిషి. యాభై దాటింది. చీర మోకాళ్ళపైకి దోపి, పొడుగు కర్ర పట్టుకుని నిలబడి, దాచుకోకుండా నవ్వుతోంది.

"ఎందుకు నవ్వుతున్నావ్?" అంది సుందరి.

"నవ్వొస్తె ఏం జెయ్యాలె అమ్మా? ఏడాది సంది చూస్తున్న, ఒక్కలన్న గా ఒడ్డుకు పోతరేమో అని. ఒక్కలు పోలే. గా సారేమో బయట కూసొని వెరీగుడ్డంటడు."

"నీకొచ్చా ఈత?"

"మాది జనగామ దిక్కు. ఆరేండ్లప్పుడు మా నాయిన నడుముకు సొరకాయ బుర్ర గట్టి బాయిల తోసిండు. గంతే. కప్ప ఈత, బోర్ల ఈత, ఎల్లెల్కల ఈత, అన్నొస్తయ్."

"ఇది కప్ప ఈతేగా?"

"నువ్వు కొట్టేదా? కప్ప చూస్తె సిగ్గుపడ్తది."

శారదాదేవి కోపంగా చూసింది. సుందరికి కోపం రాలేదు. రెండు వారాల్లో ఆమెకు నిజం చెప్పిన మొదటి మనిషి ఇదే.

"మరి నా తప్పేంటో చెప్పు."

"తల్కాయ. దాన్ని పైకి పెట్టుకొని కూసుంటివి. తక్కెడ చూస్తవు గదా, ఒక దిక్కు లేస్తె ఇంకో దిక్కు దిగుతది. తల్కాయ లేస్తె కాళ్ళు మునుగుతయ్. మునిగిన కాళ్ళతోని ఏం తంతవ్? పిల్లల ముక్కుల నీళ్ళు పోతె తుమ్మి ఊకుంటరు. పెద్దోళ్ళకు ఇజ్జత్ పోతదని ఫికర్. అందుకె పిల్లలకు నాలుగు దినాల్ల వస్తది, మీకు రాదు."

సుందరి తల నీళ్ళలో పెట్టింది. కాళ్ళు పైకి తేలాయి. చేతులు లాగి తల ఎత్తింది. నోరు తెరిచింది. గాలి లోపలికి పోలేదు. దగ్గు వచ్చింది. మళ్ళీ చేసింది. మళ్ళీ దగ్గు. మూడు రోజులు అలాగే గడిచాయి. మొహం కందగడ్డయింది.

నీలమ్మ కర్ర పక్కన పెట్టి గట్టుమీద గొంతుక్కూర్చుని చూసింది.

"బుగ్గలు గట్ల బూరెల్లెక్క పెడ్తవేంది? లోపల ఊదుతలేవా?"

"ఊదటంలేదు."

"ఎందుకు?"

సుందరి ఆలోచించింది. ఎందుకో ఆమెకూ అప్పుడే తెలిసింది. ఇరవై రెండేళ్ళుగా ఆమె నేర్చుకున్న విద్యే అది. మైకు ముందు ఊపిరి చప్పుడైతే అద్దం వెనకనుంచి ఇంజనీరు కాశీవిశ్వనాథం "సుందరమ్మగారూ, బ్రీత్!" అంటాడు. టేకు పోతుంది. రీలు వెనక్కి తిప్పాలి, అందరూ ఉస్సూరనాలి. అందుకే ఆమె మాట అయిపోయాక మిగిలిన ఊపిరిని వదలదు. మింగేస్తుంది. ఇల్లాలు మాటను మింగినట్టు. ఇప్పుడు నీళ్ళలోనూ మింగుతోంది. నిండు కుండలో ఇంకా నీళ్ళు పొయ్యబోతే ఎక్కడికి పోతాయి? తల ఎత్తిన ఆ అరక్షణంలో పాతగాలి వదలాలి, కొత్తగాలి తీయాలి. రెండూ కుదరవు. డైలాగులోనూ జరుగుతున్నది ఇదే. రొమ్ము ఖాళీ అవటం కాదు. పాతది నిండిపోయి కొత్తది పట్టటం లేదు.

ఆమె ఈ సంగతి నీలమ్మకు చెప్పింది. నీలమ్మకు ఊపిరి సంగతి ఎక్కలేదు. ఇంకోటి ఎక్కింది.

"ఏందేంది? సిన్మాల ఆమె గొంతు ఆమెది గాదా?"

"కాదు. నాది."

"పో అమ్మా. ఎవలికి చెప్తవ్? గంత సక్కటి పిల్ల, గొంతు లేదా ఆమెకు?"

"కళ్ళు మూసుకో."

నీలమ్మ నమ్మకుండానే మూసుకుంది. సుందరి మెడలోతు నీళ్ళలో నిలబడి, పోయిన సినిమాలో హీరోయిన్ తల్లి శవం ముందు అన్న మాట అంది. ఒక్కటే మాట. "అమ్మా, నేను వచ్చేశానే. లే."

నీలమ్మ కళ్ళు తెరవలేదు. కొంగుతో తుడుచుకుంది. తర్వాత తెరిచి, రబ్బరు టోపీ పెట్టుకున్న ఆ నలభై నాలుగేళ్ళ మొహాన్ని చూసి, "థూ! గా సిన్మా నాలుగుసార్లు చూసి ఏడ్చింది నీ గొంతుకా?" అంది.

"వెరీగుడ్!" అన్నాడు మాస్టారు పరదా బయట.

"అయితె ఊదకు," అంది నీలమ్మ. "మాట్లాడు."

"నీళ్ళలోనా?"

"నీళ్ళల్లనే. గీడ మైకు లేదు, గా అద్దం సారు లేడు. ఎవ్వడు ఇనడు. నువ్వు ఎవని మీద కోపముంటె వాన్ని తిట్టు. తిట్టుడు ఒడిసినంక తల్కాయ లేపు. గాలి దానంతటదే వస్తది."

సుందరి పెద్దింటి పిల్ల. తిట్లు వచ్చు గాని ఎప్పుడూ పైకి అనలేదు. మొదట కాశీవిశ్వనాథాన్ని తలుచుకుంది. ఏదో మంత్రం చదువుతున్నట్టు మొహమాటంగా మొహం ముంచింది.

"కాశీవిశ్వనాథం, నీ జిమ్మడిపోను!"

బుడగలు గళగళలాడుతూ చెవుల పక్కనుంచి పైకి పోయాయి. తల ఎత్తింది. దగ్గు రాలేదు. గాలి వచ్చింది. రొమ్ము నిండా వచ్చింది. ఎన్నేళ్ళయింది అంత గాలి వచ్చి!

"నీ అద్దం బద్దలవ!" బుడగలు. గాలి.

"నీ చెవుల్లో సీసం పోయ!" బుడగలు. గాలి.

మూడు బారలు. మూడు తిట్లు. రెండు గజాలు. సుందరి నిలబడి నీళ్ళమీద రెండు చేతులతో చరిచి చిన్నపిల్లలా నవ్వింది.

అక్కడికి సగం అయింది. కాళ్ళు మిగిలాయి. ఆమె కాళ్ళు సైకిలు తొక్కుతున్నాయి. నీలమ్మ గట్టుమీద బోర్లా పడుకుని చూపించింది, కర్రతో గీసి చూపించింది, లాభం లేకపోయింది. గోడకు బోర్డు ఉంది, పనివాళ్ళు కొలనులో దిగరాదని. నీలమ్మ బోర్డు వంక చూసింది. పరదా వంక చూసింది. బయట కుర్చీలో మాస్టారి చెప్పులు మాత్రం కనిపిస్తున్నాయి. మాస్టారికి లోపల ఏదీ కనబడదు. ఆ సౌకర్యం కమిటీయే కల్పించింది. నీలమ్మ గోచీ బిగించి నీళ్ళలోకి దిగింది. చప్పుడు కాలేదు.

"మడమలు గీడికి తే, పిర్రల కాడికి. ఇప్పుడు పాదాలు బయటికి తిప్పు. కాలివేళ్ళు గాదు, అరికాలు. అరికాలితోని నీళ్ళను ఎన్కకు నూకు. గోడను తన్నినట్టు." ఆమె సుందరి రెండు పాదాలూ చేత్తో పట్టుకుని తిప్పింది. అలవాటు లేని చీలమండలు కిర్రుమన్నాయి. "నలభై ఏండ్లు ముంగటికే నడిస్తివి గదా, పాదాలు ముంగటికే చూస్తయ్. దినాం పండుకునేటప్పుడు మంచం మీద తిప్పు."

మంచంమీద పాదాలు తిప్పుతుంటే భర్త లేచి, "ఏమైందే?" అన్నాడు. "కప్పనవుతున్నాను," అంది. ఆయన అటు తిరిగి పడుకున్నాడు. పదహారేళ్ళుగా ఆయన ఏ జవాబునూ రెండోసారి అడగలేదు.

మూడో వారానికి తల మునిగింది, ఊపిరి వదిలింది, అరికాళ్ళు నీళ్ళను నెట్టాయి. అయినా పది గజాలకు అలసిపోయేది. ఒక బారకు మరో బార అంటుకుపోయేది, వెంటపడి తరుముతున్నట్టు.

"నిన్నెవడు తరుముతున్నడు?" అంది నీలమ్మ. "తన్నినంక జర ఆగు. చేతులు ముంగట చాపుకొని ఊకుండు. గా తన్నుడుకు నువ్వు పోతనే ఉంటవ్. పోనియ్యి. మీ పెద్దోళ్ళది గిదే రోగం. పని చేస్తనే ఉండాలె, లేకుంటె మునుగుతమనుకుంటరు."

మాస్టారు ఏడాదిగా "జారండీ!" అని అరుస్తున్నది ఇదేనని సుందరికి ఇప్పుడు తెలిసింది. అరిస్తే జారటం ఎవరికి వస్తుంది?

ఆగటం ఆమెకు తెలిసిన విద్యే. డబ్బింగులో సినిమా ముక్కను చుట్టగా అతికించి తెరమీద తిప్పుతూనే ఉంటారు. హీరోయిన్ మొహం వస్తుంది. పెదవి ఇంకా తెరవదు. ఆ క్షణంలో ఆగాలి. కొత్తవాళ్ళు ఆగలేక ముందే మాట వదిలేస్తారు, మాట మూసిన పెదవి మీద పడుతుంది. సుందరి ఎప్పుడూ ముందు పడలేదు. పెదవి తెరిచేదాకా ఆగటంలో ఆమెను మించినవాళ్ళు లేరు.

"పెదవి తెరిచేదాకా," అనుకుంది ఆమె, తన్ని, చేతులు చాపి, మొహం నీళ్ళలో పెట్టి. నీళ్ళు పొట్టకింద నుంచి చల్లగా వెనక్కి పోతున్నాయి. ఏమీ చెయ్యటం లేదు, అయినా వెళ్తోంది. కింద నీలంరంగు పలకలమీద ఎండ వలలా ఆడుతోంది. ఆమె నోట్లో తిట్టు ఆగిపోయి నవ్వు వచ్చింది. నవ్వూ బుడగలైంది. తల ఎత్తాక ఆ పెదవి సంగతి నీలమ్మకూ చెప్పింది.

సంతోషం మనిషిని అజాగ్రత్త చేస్తుంది. మే మొదటి వారంలో ఒక మధ్యాహ్నం ఆమె మంచి ఊపుమీద ఉంది. కాశీవిశ్వనాథం అయిపోయాడు, వీరరాఘవయ్య అయిపోయాడు, నిర్మాత వంతు వచ్చింది. పెద్ద తిట్టు. మధ్యలో తల లేచిపోయింది. నీళ్ళలో మొదలైన మాట గాలిలో పూర్తయింది. మామూలు గొంతుతోనూ కాదు, సినిమా హాలు వెనక బెంచీ దాకా వినబడే హీరోయిన్ గొంతుతో.

"—త్రినాథరావూ, నీ దుంప తెగ! ఇరవై రెండేళ్ళ గొంతు పారేసి పిల్లకాకిని తెచ్చుకుంటావట్రా!"

బండరాళ్ళు ఆ మాటను ఒకసారి తిరిగి చెప్పాయి.

ఎదురుగా మూడు గజాల్లో శారదాదేవి, తలలో మల్లెపూలతో. మిగతా నలుగురూ ఎక్కడివాళ్ళక్కడ ఆగారు. నీలమ్మ గబుక్కున గట్టెక్కి తువ్వాళ్ళు మడతపెట్టటం మొదలుపెట్టింది. మడతపెట్టినవే మళ్ళీ మడతపెట్టింది.

"ఎవరమ్మా అది? వెరీగుడ్!" అన్నాడు మాస్టారు.

సుందరికి నీళ్ళు చల్లబడ్డాయి. అయిపోయింది అనుకుంది. మే ఇరవై దాకా అక్కర్లేదు, ఈ సాయంత్రమే అయిపోయింది.

"ఏమన్నావ్?" అంది శారదాదేవి.

"అక్కయ్యగారూ..."

"అదికాదే. రోజూ నీళ్ళలో గుడగుడమంటున్నది ఇదేనా?"

"అవునండీ."

"మావారినేనా రోజూ?"

"ఇవాళే మొదలుపెట్టానండీ."

శారదాదేవి పరదా వంక చూసింది. గొంతు తగ్గించింది. "లోపల అంటే బయటికి వినపడదూ?"

"వినపడదండీ. తల ముందుగా ఎత్తకపోతే."

శారదాదేవి జడలోంచి మల్లెపూలు తీసి నీలమ్మకు అందించింది. ముక్కుపుడక సరిచూసుకుంది. ఏడాదిలో మొదటిసారి ఆమె తల నీళ్ళలోకి పోయింది. బుడగలు వచ్చాయి. వస్తూనే ఉన్నాయి. అన్నం కుండ పొంగినట్టు వచ్చాయి. నీలమ్మ మడత ఆపి లేచి నిలబడింది. చివరికి తల పైకొచ్చింది, మొహం ఎర్రగా, కళ్ళు మెరుస్తూ.

"ఇరవై ఆరేళ్ళు," అంది ఊపిరి తీసుకుంటూ. "ఇంకా పెళ్ళైన మొదటి ఏడే అవలేదు."

సుందరి నవ్వింది. నలుగురూ నవ్వారు. గట్టుమీద నీలమ్మ పొట్ట పట్టుకుని కూలబడింది. ఆ తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఆరు తలలూ ఒకదాని వెనక ఒకటి నీళ్ళలోకి పోయాయి. అత్తగార్లు, ఆడపడుచులు, వంటమనిషి, బావగారి రెండో భార్య, అందరూ బుడగలై పైకి పోయారు. ఏడాదిలో రాని కప్ప ఈత ఆ ఆడవాళ్ళకు పది రోజుల్లో వచ్చింది.

బయట మాస్టారికి మాటలు వినబడక భయం వేసింది. "ఏమండీ? ఉన్నారా? ఏమండీ!"

"ఉన్నరు సార్," అంది నీలమ్మ. "సదువుకుంటున్నరు."

పదిహేనో తారీఖున సుందరి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఆగకుండా వెళ్ళింది. పాతిక మీటర్లు. చెయ్యి గోడకు తగిలితే నమ్మకం లేక రెండోసారి తడిమి చూసింది.

మే ఇరవైన రికార్డింగ్ థియేటరు వరండాలో లీలాకుమారి కూర్చుని ఉంది, పక్కన తల్లి, ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు. ఇరవై మూడేళ్ళ పిల్ల. సుందరిని చూసి లేచి కాళ్ళకు దణ్ణం పెట్టింది. సుందరి దీవించింది. ఆ దీవెనలో మనసు లేదు. ఉండాలని ఎవరూ అడగలేదు.

లోపల చీకటి. తెర, మైకు, అద్దం వెనక కాశీవిశ్వనాథం. డైరెక్టరు వీరరాఘవయ్య, నిర్మాత త్రినాథరావు వెనక కుర్చీల్లో ఉన్నారు. ముక్క తిరిగింది. బొంబాయి పిల్ల మొహం తెరనిండా వచ్చింది.

మొదటి టేకు పన్నెండు దగ్గర పోయింది. మైకును చూడగానే ఇరవై రెండేళ్ళ అలవాటు గొంతు పట్టుకుంది. ఊపిరి మింగింది. మాట తెగింది.

వీరరాఘవయ్య తలుపు వంక చూశాడు. తలుపు అవతల వరండా.

"ఒక్క నిమిషం," అంది సుందరి. చెప్పులు విడిచింది. పాదాలు కొంచెం బయటికి తిప్పి నిలబడింది. మైకుకు ఒక జానెడు వెనక్కి జరిగింది. "వెయ్యండి."

మొహం వచ్చింది. పెదవి తెరవలేదు. ఆగింది. నీళ్ళు పొట్టకింద నుంచి వెనక్కి పోతున్నట్టు ఉంది. పెదవి తెరిచింది.

సుందరి మాట వదిలింది. మాటతో పాటు ఊపిరీ వదిలింది, ఏమీ దాచుకోకుండా, లోపల ఎంతుంటే అంత. పది, పన్నెండు, పదమూడు దాటాయి. ఇరవై. తెరమీద పిల్ల నోరు తెరిచింది, సుందరి తల నీళ్ళలోంచి లేచింది, ఒక్క గుక్క. మళ్ళీ మునిగింది. నలభై. మళ్ళీ లేచింది. చివరి ఇరవై అంకెలు ఆమె అనలేదు, అవే జారాయి. అరవై దగ్గర డైలాగు అయిపోయింది. తెరమీద మొహం ఇంకా రెండు క్షణాలు ఉంది. సుందరి చేతులు చాపుకుని వెళ్తున్నట్టుగా ఊరికే నిలబడి ఉంది.

దీపాలు వెలిగాయి.

"బ్రీత్ వినబడిందండీ," అన్నాడు కాశీవిశ్వనాథం అద్దం వెనకనుంచి. "రెండుచోట్ల."

"ఎక్కడెక్కడ?" అన్నాడు వీరరాఘవయ్య.

"ఇరవై దగ్గర, నలభై దగ్గర."

"అక్కడ ఆ పిల్లా తీసుకుంది కదయ్యా ఊపిరి! మనిషన్నాక తీసుకోదూ? అదే ఉంచు. ఓకే." ఆయన లేచి సుందరి దగ్గరికి వచ్చాడు. "కాకి అక్కర్లేదమ్మా," అన్నాడు. ఆయన జన్మలో అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఎవరికీ ఇవ్వలేదు.

లీలాకుమారికి హీరోయిన్ చెల్లెలి గొంతు ఇచ్చారు. రెండు డైలాగులు. రెంటిలోనూ పెదవి తెరవకముందే మాట వదిలింది.

మెట్లమీద త్రినాథరావు వెంటపడి వచ్చాడు. అటూ ఇటూ చూసి, "సుందరమ్మా, ఒక్క మాట," అన్నాడు. "మా శారద సంగతి. పది రోజులైంది, ఇంట్లో నన్ను ఒక్క మాట అనటం లేదు. ఎప్పుడొచ్చినా నవ్వుతూ అన్నం పెడుతోంది. నాకేదో భయంగా ఉందమ్మా. ఆ క్లబ్బులో మీకు ఏం నేర్పుతున్నారు?"

"కప్ప ఈతండీ."

"అంతేనా?"

"అంతేనండీ. మొదట కష్టంగా ఉంటుంది. లోపలిది నీళ్ళలో వదిలేస్తే తర్వాత తేలిక."

"నేనూ నేర్చుకుంటే?"

"మీకు పొద్దున ఉందిగా. సుబ్బరామయ్య మాస్టారు ఎదురుగానే నిలబడి నేర్పుతారు."

సుందరి గడియారం చూసుకుంది. రెండున్నర. ఆటో పిలిచి, జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కుతుంటే తొందరపెట్టింది. పరదా కడుతున్నారు. గేటు దగ్గర నీలమ్మ తువ్వాళ్ళ కట్ట చంకనపెట్టుకుని, ఎంతసేపటినుంచో, ఎండలో నిలబడి ఉంది.

"పెదవి తెరిచేదాంక ఆగినవా?"

"ఆగాను."

"ఆగినవా! మరి గీడ నిలబడ్డవేంది? దిగు."